కాడ్వాలడర్ కోల్డెన్, ఆయన కుమార్తె జేన్: న్యూయార్క్ కాలనీలో ఒక స్కాట్ కుటుంబం

న్యూయార్క్ కాలనీ చరిత్రలో కాడ్వాలడర్ కోల్డెన్ పేరు సాధారణంగా ఒకే ఒక్క రాత్రి దగ్గర కనిపిస్తుంది. 1765 నవంబర్ 1న, కాలనీలలోని దస్తావేజులు, పత్రికల వంటి కాగితాల మీద బ్రిటన్ పన్ను విధించిన స్టాంపు చట్టం అమలులోకి రావలసిన రోజున, కోపించిన జనం ఆ వృద్ధ లెఫ్టినెంట్ గవర్నర్ దిష్టిబొమ్మను ఊరేగించి, ఆయన సొంత కోచ్ బండితో సహా కోట ఎదుటే తగలబెట్టారు. ఆ ఘటన ముఖ్యమైనదే. అయితే ఆ ఒక్క రాత్రిని బట్టి ఆయనను అంచనా వేసినవారికి ఆయన కుటుంబం కనబడదు. కుటుంబం కనబడకపోతే ఆయన ఉద్యోగం కూడా సరిగా అర్థం కాదని నా నమ్మకం. పద్దెనిమిదో శతాబ్దపు వలస అధికారికి పదవి, భూమి, సంతానం, చదువు అన్నవి వేరువేరు వ్యవహారాలు కావు. ఒకదాని ఆదాయంతో మరొకటి నిలిచేది, ఒకదాని పరిచయాలు మరొకదానికి దారి చూపేవి. కోల్డెన్ జీవితంలో ఇది ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, ఆ ఇంట్లో నుంచి వచ్చిన అన్ని పనులలోనూ శాశ్వతమైనది ఆయనది కాక ఆయన కుమార్తె జేన్‌ది కావడం అంత ఆలోచింపజేస్తుంది.

ఆయన తల్లిదండ్రులు స్కాట్‌లు. తండ్రి అలెగ్జాండర్ కోల్డెన్ బెర్విక్‌షైర్‌లోని డన్స్ పట్టణంలో ప్రెస్బిటేరియన్ చర్చి బోధకుడు. తల్లి ఐర్లండ్‌లో ఉన్న సమయంలో 1688లో పుట్టినా, కాడ్వాలడర్ పెరిగింది స్కాట్లండ్‌లోనే. తండ్రి ఆయనను కూడా చర్చి సేవకే పంపాలనుకున్నాడు. 1705లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదువు ముగించిన కొడుకు మాత్రం లండన్ వెళ్లి వైద్యం నేర్చుకున్నాడు. డబ్బూ, పెద్దల అండా లేని యువ వైద్యుడికి బ్రిటన్‌లో నిలదొక్కుకోవడం కష్టం. అందుచేత 1710లో, తన మేనత్తో పినతల్లో అయిన ఎలిజబెత్ హిల్ అనే వితంతువు నివసిస్తున్న ఫిలడెల్ఫియాకు ఓడ ఎక్కి, అక్కడ వైద్యమూ వర్తకమూ కలిపి చేశాడు. 1715లో స్వదేశానికి తిరిగివచ్చి, కెల్సో పట్టణానికి చెందిన ఒక బోధకుడి కుమార్తె అలిస్ క్రిస్టీని పెళ్లి చేసుకుని, మరుసటి ఏడాది ఆమెతో కలిసి అమెరికాకు వెళ్లిపోయాడు.

ఆయన భవిష్యత్తును మార్చినది మరొక స్కాట్ పరిచయం. అప్పటి న్యూయార్క్ గవర్నర్ రాబర్ట్ హంటర్ స్కాట్లండ్‌కు చెందినవాడు. చదువుకున్న మనుషులను తన చుట్టూ ఉంచుకోవడం ఆయనకు ఇష్టం. ఆయన మాట మీద కోల్డెన్ 1718లో న్యూయార్క్‌కు మకాం మార్చాడు. 1720లో కాలనీ సర్వేయర్ జనరల్ పదవి, 1721లో గవర్నర్ కౌన్సిల్‌లో స్థానం వచ్చాయి. ఈ రెండింటిలో సర్వేయర్ జనరల్ పదవే ఆయన జీవితానికి కేంద్రం అని చెప్పవచ్చు. కాలనీలో రాజు పేరిట ఇచ్చే ప్రతి భూమి పట్టాకు ముందు సర్వే జరగాలి, ప్రతి సర్వేకు రుసుము చెల్లించాలి. ఆ రుసుములే అధికారికి జీతంలో ముఖ్య భాగం. ఎక్కడ ఏ భూమి సారవంతమో, ఏ వాగు ఎటు పారుతుందో, ఎవరి పట్టా ఎంత అబద్ధమో అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే.

అంతకు ముందు గవర్నర్లు తమకు కావలసినవారికి సరిహద్దులు తేల్చకుండా విపరీతమైన పట్టాలు ఇచ్చి ఉన్నారు. ఒక కొండ నుంచి ఒక వాగు వరకు అని రాసి ఉంటే, ఏ కొండ, ఏ వాగు అన్నది పట్టాదారు ఇష్టం. కోల్డెన్ దీనిని మొదటి నుంచీ వ్యతిరేకించాడు. ఇంతటి భూములు కొద్దిమంది చేతిలో చిక్కితే కొత్త రైతులు న్యూయార్క్‌లో స్థిరపడరనీ, రాజుకు రావలసిన పన్ను రాదనీ ఆయన నివేదికలు పంపాడు. ఈ వాదనలో న్యాయం ఉంది. కాలనీ అసెంబ్లీలోనూ, న్యాయస్థానాలలోనూ పెత్తనం చేసే పెద్ద భూస్వాముల కుటుంబాలు ఆయనను జీవితాంతం క్షమించకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. అదే సమయంలో ఆయన తన కోసం, తన పిల్లల కోసం భూమి సంపాదించుకోవడంలో ఏమాత్రం వెనుకాడలేదన్నది కూడా నిజమే. హడ్సన్ నదికి పడమర, న్యూబర్గ్ సమీపంలో సుమారు 3,000 ఎకరాల భూమిని పొంది, దానికి తన పేరు మీదుగానే కోల్డెన్‌హామ్ అని పేరు పెట్టుకుని, 1720ల చివరిలో కుటుంబాన్ని అక్కడికి తరలించాడు.

ఆ ఇంటిని నిలిపినది అలిస్. భర్త కౌన్సిల్ సమావేశాలకు న్యూయార్క్ నగరంలోను, సర్వేల కోసం అడవులలోను ఉన్న కాలంలో పొలమూ, పశువులూ, పనివారూ, పిల్లల చదువూ ఆమె చూసుకున్నదే. దగ్గరలో బడి లేదు. పిల్లలకు అక్షరాలు నేర్పింది తల్లిదండ్రులే. ఆమెకు పుట్టిన పిల్లలలో కొందరు పసితనంలోనే పోయారు. మిగిలినవారిలో అలెగ్జాండర్ తండ్రి బాటలో సర్వే శాఖలోకి వచ్చి, న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ కూడా అయ్యాడు. ఎలిజబెత్ పీటర్ డిలాన్సీని పెళ్లాడింది. ఆ పీటర్ అన్న జేమ్స్ డిలాన్సీ కాలనీ ప్రధాన న్యాయమూర్తి, రాజకీయాలలో కోల్డెన్‌కు బద్ధ ప్రత్యర్థి. చిన్న కొడుకు డేవిడ్ విద్యుత్తు ప్రయోగాలు చేసి, ఫ్రాన్స్‌కు చెందిన అబే నోలే చేసిన విమర్శలకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పక్షాన సమాధానం రాశాడు.

ఆ పొలంలో పనిచేసినవారిలో బానిసలు ఉన్నారు. దీనిని ఒక వాక్యంలో చెప్పి దాటవేయడం నాకు ఇష్టం లేదు. 1717లో కోల్డెన్ ఒక నల్లజాతి స్త్రీని అమ్మకానికి బార్బడోస్ ద్వీపానికి పంపుతూ రాసిన లేఖ నిలిచి ఉంది. ఆమె ఇంటిపనిలో సమర్థురాలని ఒప్పుకుంటూనే, ఆమె నోటి దురుసుతనం భరించలేకపోతున్నానని, ఆమె ఇక్కడే ఉంటే తన వద్ద ఉన్న ఆమె పిల్లలు చెడిపోతారని ఆయన అందులో రాశాడు. అంటే ఆ పిల్లలు ఆయనకు విలువైన ఆస్తి, తల్లి వాళ్లకు అడ్డంకి. సొంత పిల్లల చదువు గురించి ఎంతో శ్రద్ధగా ఆలోచించిన మనిషే ఒక తల్లిని ఆమె పిల్లల నుంచి చక్కెర తోటల ద్వీపానికి వేరుచేసి పంపాడు. ఆయన గురించి రాసే ఏ వ్యాసమైనా ఈ లేఖను పక్కనపెట్టకూడదు. కోల్డెన్‌హామ్‌లో పుస్తకాలకు, మొక్కలకు దొరికిన తీరికలో ఇతరుల బలవంతపు శ్రమ కలిసి ఉంది.

ఆ తీరికలో కోల్డెన్ చేసిన పనుల విస్తృతి ఆశ్చర్యం కలిగిస్తుంది. 1724లో బొచ్చు వ్యాపారం గురించి గవర్నర్ బర్నెట్‌కు సమర్పించిన నివేదికలో, ఆల్బనీ నుంచి మోహాక్ నది మీదుగా, మధ్యలో కొద్ది దూరం పడవలను భుజాల మీద మోసుకుంటే, గ్రేట్ లేక్స్ అనే గొప్ప సరస్సులకు జలమార్గం ఉందని వివరించాడు. 1727లో విలియం బ్రాడ్‌ఫర్డ్ ముద్రణాలయం నుంచి ఐదు ఇండియన్ జాతుల, అంటే అమెరికా ఆదివాసీ జాతుల, చరిత్రను ప్రచురించాడు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతుల కూటమిని ఇంగ్లిషులో ఒక రాజకీయ వ్యవస్థగా గుర్తించి రాసిన తొలి గ్రంథాలలో అది ఒకటి. వారి సభలను, వక్తృత్వాన్ని ఆయన ప్రాచీన రోమన్లతో పోల్చి గౌరవించాడు. వారి భూములు మోసపు పట్టాలతో పోతున్నాయని చెప్పినవాడు, ఆ భూముల సర్వే రుసుములతోనే బతికినవాడు కూడా ఆయనే. 1741, 1742 సంవత్సరాలలో న్యూయార్క్‌ను జ్వరాలు పీడించినప్పుడు, నిలవ నీరు, మురికి గుంటలు ఉన్న వీధులలోనే జబ్బు ఎక్కువగా ఉందని గమనించి, వాటిని పూడ్చి నీరు బయటకు పోయేలా చేయాలని రాశాడు.

తన పేరు నిలబెట్టేది గురుత్వాకర్షణకు కారణం కనుగొన్న తన సిద్ధాంతమేనని ఆయన నమ్మకం. న్యూటన్ వదిలిపెట్టిన ప్రశ్నకు తాను జవాబు చెప్పాననుకుని 1740లలో న్యూయార్క్‌లో ఒక పుస్తకం, 1751లో లండన్‌లో దాని విస్తృత రూపం అచ్చువేయించాడు. ఆయిలర్ వంటి గణితవేత్త దానిని తీసిపారేశాడు. అడవి అంచున కూర్చుని, ఐరోపా పండితులతో సరిసమానంగా మాట్లాడాలన్న ఆ తపనను నేను తేలికగా చూడలేను. అయితే భౌతికశాస్త్రంలో కావలసిన గణిత బలం ఆయనకు లేదు. ఆయన బలం చూడటంలో, నమోదు చేయడంలో ఉంది.

మొక్కల విషయంలో ఆ బలం ఫలించింది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లీనియస్ రూపొందించిన కొత్త వర్గీకరణ పద్ధతి, పువ్వులోని కేసరాల సంఖ్యను, అమరికను బట్టి మొక్కలను విభజించేది, కోల్డెన్ చేతికి 1740ల ఆరంభంలో వచ్చింది. దానిని అనుసరించి ఆయన తన పొలం చుట్టుపక్కల మొక్కలను వర్ణించి, హాలండ్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు గ్రొనోవియస్ ద్వారా లీనియస్‌కు పంపగా, ఆ వర్ణనలు 1749 నుంచి స్వీడన్‌లోని ఉప్సాలాలో అచ్చయ్యాయి. లీనియస్ ఆయన గౌరవార్థం కోల్డేనియా అని ఒక ప్రజాతికి పేరు పెట్టాడు. అది న్యూయార్క్ మొక్క కాదు. భారత్, శ్రీలంక వంటి వేడి దేశాలలో నేల మీద పాకే చిన్న మొక్క. ఈ ఉత్తరాలు, విత్తనాలు, పుస్తకాల రాకపోకలకు లండన్‌లోని వర్తకుడు పీటర్ కాలిన్సన్ వారధిగా ఉండేవాడు. వలస పాలన నడిపే ఓడలే ఈ శాస్త్రాన్నీ మోశాయి.

వయసు పెరిగి చూపు మందగించిన కోల్డెన్ ఆ పనిని జేన్‌కు అప్పగించాడు. ఆమె 1724లో పుట్టింది. 1755లో గ్రొనోవియస్‌కు రాసిన ఉత్తరంలో, స్త్రీలకు సహజంగా ఉండే ఆసక్తి, దుస్తుల అందం, వైవిధ్యం మీద ఇష్టం ఈ శాస్త్రానికి తగినవని, లాటిన్ రాకపోవడమే వారికి అడ్డు అని ఆయన అన్నాడు. ఆ మొదటి మాటలో ఆనాటి మగవారి చిన్నచూపు ఉంది. తర్వాత చేసిన పని మాత్రం గొప్పది. లీనియస్ పద్ధతిని, దాని పారిభాషిక పదాలను ఆయన ఇంగ్లిషులో రాసి కూతురికి నేర్పాడు, బొమ్మలున్న వృక్షశాస్త్ర గ్రంథాలను లండన్ నుంచి తెప్పించే ప్రయత్నం చేశాడు. 1757 నాటికి ఆమె 300కు పైగా మొక్కలను వర్ణించి, ఆకులకు అచ్చు సిరా పూసి కాగితం మీద వాటి ముద్రలు తీసే పద్ధతిని కూడా వశం చేసుకుంది.

జేన్ రాతప్రతిలో సుమారు 340 మొక్కలు ఉన్నాయి. ప్రతి మొక్కకు రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, కీలాగ్రం, కాయ, విత్తనం, ఆకు అంటూ వరుసగా వర్ణన, పూసే కాలం, స్థానికంగా పిలిచే పేరు, ఇండియన్లు గానీ పల్లె జనం గానీ దానిని ఏ జబ్బుకు వాడతారో కూడా రాసింది. ఆ వర్ణనల నాణ్యత చూస్తే ఆమె గురువును మించిందని అనిపిస్తుంది. ఒక క్లెమాటిస్ తీగ గురించి రాస్తూ, కొన్ని మొక్కలకు మగ పూలు మాత్రమే పూస్తాయన్న సంగతిని లీనియస్ గమనించలేదని, తాను మాత్రం అనుమానానికి తావు లేనంత జాగ్రత్తగా దీనిని పరిశీలించానని ఆమె రాసింది. పాలీగాలా జాతికి చెందిన మొక్క పువ్వు విషయంలో కూడా లీనియస్‌తో విభేదించడానికి అనుమతి కోరుతూ, తన కారణం చెప్పింది: ఆయన రెక్కలుగా లెక్కించిన భాగాలు విత్తనం పండేదాకా రాలకుండా ఉంటాయి. ఆమె అధికారం అంతా ఈ రకమైన ఓపికలో ఉంది. ఒక పువ్వును పూసిన రోజున చూసి వదిలేయకుండా, కాయ పండేవరకు దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లినవారే ఆ మాట చెప్పగలరు.

1753లో ఫిలడెల్ఫియా వృక్షసేకర్త జాన్ బార్ట్రమ్ తన కొడుకు విలియంతో, 1754లో సౌత్ కరోలినాలో స్థిరపడిన స్కాట్ వైద్యుడు అలెగ్జాండర్ గార్డెన్ కోల్డెన్‌హామ్‌కు వచ్చారు. గార్డెన్‌కు, జేన్‌కు మధ్య ఉత్తరాలు, విత్తనాలు నడిచాయి. తాను గుర్తించిన ఒక తడినేల మొక్కకు ఆయన పేరు మీదుగా గార్డేనియా అని పెట్టాలని ఆమె ప్రతిపాదించింది. ఆ వర్ణన 1756లో ఎడిన్‌బరోలోని ఒక శాస్త్ర సంకలనంలో అచ్చయింది. ఆ మొక్క అప్పటికే తెలిసిన ప్రజాతికి చెందినదని తేలడంతో పేరు నిలవలేదు. సువాసన గల తెల్లపూల మొక్కకు తరువాత లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ ఎల్లిస్ అదే పేరు సూచించాడు, లోకానికి ఇప్పుడు తెలిసిన గార్డేనియా అది. పసుపు పచ్చని సన్నని వేళ్లున్న ఒక చిన్న అడవి మొక్కకు జేన్ పేరు పెట్టమని అదే ఎల్లిస్ 1758లో లీనియస్‌కు రాశాడు. లీనియస్ పెట్టలేదు. తండ్రి పేరు ఆయన ఎన్నడూ చూడని దూరదేశపు మొక్కకు దక్కింది. కూతురు స్వయంగా వర్ణించిన మొక్కకు కూడా ఆమె పేరు దక్కలేదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఆమె వృక్షశాస్త్రం కోసం ఇంటిపనికి దూరమైన మనిషి కూడా కాదు. ఆ ఇంటికి వచ్చిన వాల్టర్ రదర్‌ఫర్డ్ అనే స్కాట్ సైనికాధికారి, అమెరికాలో తాను తిన్న జున్నులలో జేన్ చేసినదే మేలైనదని తన ఉత్తరంలో రాశాడు. 1759లో ఆమె విలియం ఫార్కర్ అనే స్కాట్ వైద్యుడిని పెళ్లాడింది. ఆ తరువాత ఆమె మొక్కల గురించి రాసినది ఏదీ కనబడదు. 1766లో నలభై ఒకటో ఏట మరణించింది; ఆమె ఏకైక శిశువు కూడా అదే ఏడాది పోయింది. తల్లి అలిస్ 1762లోనే కన్నుమూసింది.

ఈ ఏళ్లలోనే కోల్డెన్ పదవి శిఖరానికి చేరింది. 1760లో జేమ్స్ డిలాన్సీ అకస్మాత్తుగా చనిపోవడంతో, కౌన్సిల్‌లో అందరికన్నా సీనియర్ అయిన ఆయన చేతికి పాలన వచ్చింది. 1761లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా నియామకం ఖాయమైంది. డెబ్బై దాటిన వయసులో దొరికిన అధికారాన్ని ఆయన ఏమాత్రం మెత్తగా వాడలేదు. 1764లో ఫోర్సీ, కనింగ్‌హామ్ అనే వర్తకుల మధ్య కత్తిపోటు దావాలో జ్యూరీ 1,500 పౌండ్ల నష్టపరిహారం విధించగా, జ్యూరీ తేల్చిన వాస్తవాలపై కూడా గవర్నర్, కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చని ఆయన పట్టుబట్టాడు. న్యాయమూర్తులు, న్యాయవాదులు, చివరికి ఆయన కౌన్సిల్ కూడా దీనిని వ్యతిరేకించారు. భూస్వాముల చేతిలో ఉన్న న్యాయస్థానాలను అదుపు చేయడం తన ఉద్దేశమని ఆయన భావించి ఉండవచ్చు. జనానికి మాత్రం అది జ్యూరీ విచారణ హక్కు మీద దాడిగా కనబడింది, వారి భయం నిరాధారం కాదు.

ఆ కోపం చల్లారకముందే స్టాంపు కాగితాలు ఓడలో దిగాయి. స్టాంపుల పంపిణీదారు జేమ్స్ మెక్ఎవర్స్ ముందే రాజీనామా చేశాడు. కోల్డెన్ కాగితాలను ఫోర్ట్ జార్జ్ కోటలో పెట్టించి, కోటను బలపరిచాడు. నవంబర్ 1 రాత్రి జనం కోట గోడ దాకా వచ్చి, ఆయన బండ్ల కొట్టం పగలగొట్టి, కోచ్‌ను బయటకు లాగి, దిష్టిబొమ్మతో పాటు కోట ఎదుటి బౌలింగ్ గ్రీన్ మైదానం వద్ద కాల్చేశారు. లోపల సైనికులకు కాల్చమని ఆజ్ఞ రాలేదు. డెబ్బై ఏడేళ్ల మొండి మనిషి ఆ రాత్రి చూపిన ఆ నిగ్రహానికి ఆయనకు రావలసిన మన్నన రాలేదని నేను అనుకుంటాను. నవంబర్ 5న స్టాంపులను నగర పాలక సంస్థకు అప్పగించడంతో గండం గడిచింది. కొద్ది రోజులలో కొత్త గవర్నర్ సర్ హెన్రీ మూర్ వచ్చాడు. మూర్ 1769లో మరణించినప్పుడు కోల్డెన్ మళ్లీ పాలన చేపట్టాడు. తరువాత వచ్చిన గవర్నర్, ఆయన కూడా స్కాట్ అయిన డన్‌మోర్ ప్రభువు, తన నియామకం నాటి నుంచి వచ్చిన రాబడిలో సగం ఇవ్వాలని కోల్డెన్‌పై దావా వేశాడు. న్యాయమూర్తుల అభిప్రాయం, ఈసారి, వృద్ధుడికి అనుకూలంగా వచ్చింది.

అమెరికా విప్లవం మొదలయ్యాక ఆయన లాంగ్ ఐలండ్‌లో ఫ్లషింగ్ దగ్గర తన స్ప్రింగ్ హిల్ ఇంటికి వెళ్లిపోయి, బ్రిటిష్ సైన్యం న్యూయార్క్ నగరాన్ని ఆక్రమించిన 1776 సెప్టెంబర్ నెలలోనే కన్నుమూశాడు. రాజభక్తి మూల్యం పిల్లలు చెల్లించారు. తండ్రి పేరే పెట్టుకున్న కొడుకు కాడ్వాలడర్ నిర్బంధానికి గురై, విధేయతా ప్రమాణం చేయనందుకు బహిష్కృతుడై, యుద్ధం తరువాత కోల్డెన్‌హామ్‌కు తిరిగి రాగలిగాడు. డేవిడ్ ఆస్తిని 1779 చట్టం కింద రాష్ట్రం జప్తు చేసింది. ఆయన ఇంగ్లండ్ వెళ్లి 1784లో చనిపోయాడు. డేవిడ్ కొడుకు కాడ్వాలడర్ డేవిడ్ కోల్డెన్ మాత్రం న్యూయార్క్‌కు తిరిగివచ్చి, న్యాయవాది అయి, 1818 నుంచి 1821 వరకు నగర మేయర్‌గా పనిచేశాడు. బానిసల విముక్తి కోసం పనిచేసే న్యూయార్క్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. తాత 1724లో కాగితం మీద వర్ణించిన మోహాక్ లోయ మార్గాన్నే అనుసరించిన ఈరీ కాలువ 1825లో తెరుచుకున్నప్పుడు, దాని గురించిన అధికారిక గ్రంథం రాసినది ఈ మనుమడే.

జేన్ రాతప్రతి ప్రయాణం ఇంకొక రకమైనది. విప్లవ యుద్ధంలో బ్రిటిష్ వారి తరఫున పోరాడిన జర్మన్ దళాలలో వాంగెన్‌హైమ్ అనే అధికారి ఉన్నాడు. అడవులు, చెట్లు ఆయన అభిమాన విషయం. ఆ రాతప్రతి ఆయన చేతికి చిక్కి, జర్మనీలో ఒక ఆచార్యుడి దగ్గరకు, అక్కడి నుంచి ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ గ్రంథాలయానికి, చివరికి బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఇప్పుడు లండన్‌లోని సహజచరిత్ర మ్యూజియంలో ఉంది. 1963లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరెంజ్, డచెస్ కౌంటీల తోట సంఘాలవారు అందులో 57 మొక్కల వర్ణనలను అచ్చువేశారు. తండ్రి ఉత్తరాలు, కాగితాలను న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ 1917 నుంచి వరుస సంపుటాలుగా ప్రచురించింది. కూతురి పుస్తకానికి కూడా అంతటి శ్రద్ధ దక్కాలి, మొత్తం 340 మొక్కలూ ఆమె గీసిన ఆకుల బొమ్మలతో సహా ఒకే గ్రంథంగా అచ్చులో రావాలి అన్నది నా గట్టి కోరిక.